ఉత్తర ఐర్లాండ్ విలీనం: ఒక మంత్రికి ‘అనిపించడం’పై ఆగిన ఓటు

సంక్షిప్తంగా: బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్, ప్రజలు కోరుకుంటే పొరుగునున్న ఐర్లాండ్ రిపబ్లిక్‌లో కలిసిపోవచ్చునని 1998 నాటి చట్టం చెబుతోంది. ఓటింగ్ ఎప్పుడు పెట్టాలో తేల్చే అధికారం మాత్రం లండన్ ప్రభుత్వంలోని ఒక మంత్రి చేతిలో ఉంది. జనాభా లెక్కలు, ఎన్నికల ఫలితాలు, సర్వేలు ఒకదానితో ఒకటి పొంతన లేని సంకేతాలు ఇస్తున్నాయి. కలిస్తే ఏర్పడే దేశం ఎలా ఉంటుందో చెప్పే ప్రణాళిక ఇప్పటికీ ఓటర్ల ముందు లేదు.

తన భూభాగంలో కొంత విడిపోయి పొరుగు దేశంలో కలవడానికి పద్ధతి ఏమిటో తన చట్టంలోనే రాసిపెట్టుకున్న దేశాలు బహు తక్కువ. భారత రాజ్యాంగంలో అందుకు చోటు లేదు. స్పెయిన్ రాజ్యాంగం రెండో అధికరణంలోనే దేశ ఐక్యత విడదీయరానిదని ప్రకటించుకుంది. బ్రిటన్‌లోనే చూసినా, స్కాట్లండ్ 2014లో స్వాతంత్ర్యంపై ఓటు వేయగలిగింది లండన్ ఒప్పుకున్నందువల్లే. ఆ ఒప్పుదల లేకుండా స్కాటిష్ పార్లమెంటు మరో రెఫరెండానికి చట్టం చేయజాలదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2022 నవంబరులో తేల్చి చెప్పింది. అదే బ్రిటన్‌లో, 19 లక్షల జనాభా ఉన్న ఉత్తర ఐర్లాండ్‌కు మాత్రం వెళ్లిపోయే హక్కు, వెళ్లవలసిన చోటు, వెళ్లే విధానం మూడూ చట్టంలోనే ఉన్నాయి.

ఇంత స్పష్టమైన హక్కు ఉండి కూడా ఆ చట్టం వచ్చిన పాతికేళ్లలో ఒక్కసారీ ఓటింగ్ ఎందుకు జరగలేదన్న ప్రశ్నకు మతాలవారీ జనాభా లెక్కల్లో జవాబు వెతకడం వార్తల్లో అలవాటైపోయింది. క్యాథలిక్కులు ఇంత శాతానికి చేరారు కాబట్టి విలీనం దగ్గరపడిందన్న తరహా శీర్షికలు తరచూ కనిపిస్తాయి. ఆ లెక్క అబద్ధం కాదు గానీ, అది దారి చూపించే లెక్క కాదు. అసలు చిక్కు చట్టంలోని ఒక క్రియాపదంలోనూ, ఏ పక్షానికీ చెందమనే ఓటర్లలోనూ ఉంది.

గీత ఎలా పడింది

ఐర్లాండ్ ద్వీపమంతా 1801 నుంచి బ్రిటన్‌లో భాగంగా ఉండేది. అంతకు రెండు వందల ఏళ్ల ముందే, 17వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో, ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ ప్రాంతంలో స్కాట్లండ్, ఇంగ్లండ్‌ల నుంచి ప్రొటెస్టెంట్ కుటుంబాలను తెచ్చి స్థిరపరచారు. మిగతా ద్వీపంలో క్యాథలిక్కులది భారీ ఆధిక్యం. ఐర్లాండ్‌కు స్వపరిపాలన ఇవ్వాలన్న డిమాండ్ బలపడినప్పుడు, డబ్లిన్ పాలన కిందికి వెళ్లేది లేదంటూ 1912లో అల్‌స్టర్ ప్రొటెస్టెంట్లు దాదాపు అయిదు లక్షల మంది ప్రతిజ్ఞాపత్రాలపై సంతకాలు చేశారు. 1918 ఎన్నికల్లో స్వాతంత్ర్యం కోరే షిన్ ఫేన్ పార్టీ ఐర్లాండ్‌లోని 105 స్థానాల్లో 73 గెలిచింది. రెండు పక్షాలకూ ఒకే ద్వీపంలో ఒకే పాలన సాధ్యం కాదని లండన్ నిర్ణయించుకుంది. 1920 నాటి చట్టంతో 1921 మే 3న ఉత్తర ఐర్లాండ్ ఏర్పడింది.

గీత ఎక్కడ గీశారన్నదే తరువాతి కథనంతా నడిపించింది. అల్‌స్టర్‌లో తొమ్మిది కౌంటీలుంటే ఉత్తర ఐర్లాండ్‌లోకి తీసుకున్నవి ఆంట్రిమ్, ఆర్మా, డౌన్, ఫెర్మానా, లండన్‌డెరీ, టైరోన్ అనే ఆరే. క్యాథలిక్కులు ఎక్కువగా ఉన్న డొనెగల్, కావన్, మొనహన్‌లను వదిలేశారు. తొమ్మిదింటినీ కలుపుకుంటే ప్రొటెస్టెంట్ ఆధిక్యం పలచబడేది. ఆరింటితో జనాభాలో మూడింట రెండొంతులు వారే అయ్యారు. అంటే ఈ ప్రాంతపు సరిహద్దును నది, కొండ, భాష చూసి గీయలేదు. ఒక వర్గానికి శాశ్వత మెజారిటీ ఉండేలా లెక్కవేసి గీశారు. ఆ మెజారిటీ కరిగిపోయిందన్న వార్త అక్కడ జనగణన సమాచారంలా కాక రాజ్యాంగ సంక్షోభంలా వినిపించడానికి కారణం ఇదే.

స్థానిక పాలన యాభై ఏళ్లపాటు ఒకే పార్టీ చేతిలో ఉంది. గృహాల కేటాయింపులో, ఉద్యోగాల్లో, స్థానిక ఎన్నికల నియోజకవర్గాల హద్దుల్లో తమకు అన్యాయం జరుగుతోందని క్యాథలిక్కులు చేపట్టిన పౌరహక్కుల ఉద్యమం 1968 తరువాత సాయుధ ఘర్షణగా మారింది. ముప్పై ఏళ్లలో దాదాపు 3,500 మంది చనిపోయారు.

మధ్యలో ఒకసారి ఓటు కూడా జరిగింది. 1973 మార్చి 8న జరిగిన ఆ రెఫరెండంలో 98.9 శాతం బ్రిటన్‌లోనే ఉంటామన్నారు. ఐర్లాండ్‌లో కలవాలనే ఐరిష్ నేషనలిస్టులు బహిష్కరించడంతో పోలింగ్ 58.7 శాతం దాటలేదు. ఓడిపోతామని ముందే తెలిసిన పక్షం ఇంట్లో కూర్చుంటే వచ్చే ఫలితం ఎంత ఏకపక్షంగా ఉంటుందో, దానికి విలువ ఎంత తక్కువో ఆ అంకె చూపించింది.

చట్టం చెప్పేది, చెప్పనిది

1998 ఏప్రిల్ 10న కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందం ఈ రెండు పక్షాల మధ్య ఒక సూత్రాన్ని నిలబెట్టింది. ఉత్తర ఐర్లాండ్ ప్రజల్లో మెజారిటీ కోరుకున్నంత కాలం అది బ్రిటన్‌లో ఉంటుంది. వారే వద్దనుకున్న రోజు ఐర్లాండ్‌లో కలుస్తుంది. అదే ఏడాది మే 22న ఉత్తరాన 71.1 శాతం, దక్షిణాన 94.4 శాతం ఓటర్లు దీన్ని ఆమోదించారు. ద్వీపమంతా తమదేనని చెప్పే రాజ్యాంగ అధికరణాలను ఐర్లాండ్ రిపబ్లిక్ మార్చుకుంది. రెండు ప్రాంతాల్లోనూ ప్రజల మెజారిటీ సమ్మతి ఉంటేనే, శాంతియుతంగానే ఏకీకరణ అని కొత్తగా రాసుకుంది.

బ్రిటన్ పార్లమెంటు చేసిన 1998 ఉత్తర ఐర్లాండ్ చట్టంలోని మొదటి షెడ్యూల్ ఓటింగ్ నియమాలు చెబుతుంది. ఉత్తర ఐర్లాండ్ వ్యవహారాల మంత్రి ఎప్పుడైనా రెఫరెండం పెట్టవచ్చు. అయితే ఓటు వేసేవారిలో మెజారిటీ ఏకీకృత ఐర్లాండ్‌ను కోరుకునే అవకాశం ఉన్నట్లు ఆ మంత్రికి అనిపించినప్పుడు మాత్రం పెట్టి తీరాలి. ఒకసారి జరిగితే మళ్లీ ఏడేళ్ల దాకా పెట్టకూడదు. గెలుపుకు సగం కంటే ఒక్క ఓటు ఎక్కువైతే చాలు.

ఇందులో ‘అనిపించినప్పుడు’ అన్న మాట దగ్గరే అంతా ఆగింది. దేన్ని చూసి అనిపించాలి? ఎన్నికల్లో పార్టీలకు వచ్చిన ఓట్లనా, సర్వేలనా, జనాభా లెక్కలనా, అసెంబ్లీ తీర్మానాన్నా? చట్టం చెప్పదు. కొలబద్ద ఏమిటో మంత్రి ముందుగా ప్రకటించాలని కోరుతూ వేసిన కేసును ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లోని హైకోర్టు 2018లోనూ, అప్పీల్ కోర్టు 2020లోనూ తోసిపుచ్చాయి. మంత్రి నిజాయితీగా, నిష్పక్షపాతంగా నిర్ణయించాలే తప్ప విధానం రాసిపెట్టవలసిన బాధ్యత లేదన్నది ఆ తీర్పుల సారాంశం. దీనివల్ల తలెత్తే విడ్డూరం ఒకటుంది. ఉత్తర ఐర్లాండ్ భవితవ్యంపై ఓటు తలుపు తీయవలసిన మంత్రి సాధారణంగా అక్కడి ఓటర్లు ఎన్నుకున్న వ్యక్తి కాదు. బ్రిటన్‌లోని పెద్ద పార్టీలకు అక్కడ సీట్లు దాదాపు ఉండవు.

తెలుగు పాఠకులకు 2014 నాటి రాష్ట్ర విభజన గుర్తుండే ఉంటుంది. అది దేశంలోపల జరిగిన పునర్విభజన. దీనితో పోల్చదగినది కాదు. సమ్మతి ఎవరిదన్న ఒక్క విషయంలో మాత్రం రెండూ పూర్తిగా ఎదురెదురు కొసల్లో నిలుస్తాయి. భారత రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, అది కట్టుబాటు కాదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2014 జనవరిలో బిల్లును తిరస్కరించినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. ఉత్తర ఐర్లాండ్‌లో కేంద్ర పార్లమెంటుకు ఆ స్వేచ్ఛ లేదు. అక్కడి ఓటర్లు వద్దంటే పంపడానికీ, పోతామంటే ఆపడానికీ తనకు హక్కు లేదని ఒప్పందంలో అది ఒప్పుకుంది.

లెక్కలు ఎందుకు కలవవు

2021 జనగణనలో మొదటిసారి క్యాథలిక్ నేపథ్యం ఉన్నవారు (45.7 శాతం) ప్రొటెస్టెంట్, ఇతర క్రైస్తవ నేపథ్యం ఉన్నవారిని (43.5 శాతం) దాటారు. పదేళ్ల కిందట ఈ అంకెలు వరుసగా 45.1, 48.4. జాగ్రత్తగా చూస్తే క్యాథలిక్కులు పెరిగింది సగం శాతమే. అవతలి వైపు తగ్గింది అయిదు శాతం. వారిలో చాలామంది ఏ మతమూ లేదనే వర్గంలోకి జారారు. అదే జనగణనలో జాతీయత గురించి అడిగితే బ్రిటిష్ మాత్రమే అన్నవారు 31.9 శాతం, ఐరిష్ మాత్రమే అన్నవారు 29.1 శాతం, ఉత్తర ఐరిష్ మాత్రమే అన్నవారు 19.8 శాతం. క్యాథలిక్కులందరూ ఐరిష్ మాత్రమే అనలేదు, ప్రొటెస్టెంట్లందరూ బ్రిటిష్ మాత్రమే అనలేదు.

ఎన్నికలు ఇంకా ఆసక్తికరమైన సంగతి చెబుతాయి. 2022 మేలో జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో షిన్ ఫేన్ 27 సీట్లతో మొదటి స్థానానికి వచ్చింది. బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టుల్లో పెద్దదైన డీయూపీ 25 దగ్గర ఆగింది. 2024 ఫిబ్రవరి 3న షిన్ ఫేన్ నాయకురాలు మిషెల్ ఓనీల్ ప్రాంతీయ ప్రభుత్వంలో ఫస్ట్ మినిస్టర్ అయ్యారు. ఐరిష్ నేషనలిస్టు పక్షం నుంచి ఆ పదవికి వచ్చిన తొలి వ్యక్తి ఆమె. బయటినుంచి చూసేవారికి ఇది విలీనం వైపు పడిన పెద్ద అడుగుగా కనిపించింది.

అయితే షిన్ ఫేన్, ఎస్‌డీఎల్‌పీ అనే రెండు ప్రధాన నేషనలిస్టు పార్టీల ఓట్లు కలిపి చూడండి. 1998లో 39.6 శాతం. 2022లో 38.1 శాతం. పాతికేళ్లు గడిచినా ఆ మొత్తం పెరగలేదు. ఎస్‌డీఎల్‌పీ నుంచి షిన్ ఫేన్‌కు ఓట్లు బదిలీ అయ్యాయి, అంతే. షిన్ ఫేన్ ముందుకు రావడానికి యూనియనిస్టు ఓటు మూడు పార్టీల మధ్య చీలడం కూడా కారణం. నిజంగా పెరిగింది, విలీనంపై ఏ వైపూ తీసుకోని అలయన్స్ పార్టీ. దాని వాటా 1998లో 6.5 శాతం ఉండగా 2022లో 13.5 శాతానికి చేరింది. వెరసి నలభై, నలభై, ఇరవై అన్న లెక్క తేలుతుంది. గెలుపు ఎవరిదో చెప్పగలిగేది మూడో గుంపు, దానికి జెండాల మీద మోజు తక్కువ.

సర్వేలూ ఒక్క మాట మీద లేవు. ఐరిష్ టైమ్స్ పత్రిక, ఏరిన్స్ అనే పరిశోధన ప్రాజెక్టు కలిసి ఇంటింటికీ వెళ్లి చేయించే సర్వేల్లో ఉత్తరాన విలీనాన్ని సమర్థించినవారు 2022లో 27 శాతం, 2024లో 34 శాతం. వ్యతిరేకించినవారు రెండుసార్లూ సగం చుట్టూనే ఉన్నారు. ఆన్‌లైన్ సర్వేల్లో తేడా ఇంతకంటే తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే రాజకీయాలపై ఆసక్తి ఉన్నవారే వాటిలో ఎక్కువగా పాల్గొంటారు. దిశ విలీనం వైపే ఉన్నా, దూరం మాత్రం చిన్నది కాదు.

బ్రెగ్జిట్ మార్చిన విషయం

1998 తరువాత చాలామందికి ఈ ప్రశ్న అత్యవసరం కాకుండా పోయింది. రెండు వైపులా యూరోపియన్ యూనియన్‌లోనే ఉండటంతో దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు పటంలోనే మిగిలింది. పొలం ఒక దేశంలో, ఇల్లు మరో దేశంలో ఉన్న రైతుకు కూడా రోజువారీ ఇబ్బంది తీరింది. యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావాలా (బ్రెగ్జిట్) అన్న 2016 రెఫరెండం దీన్ని తిరగదోడింది. ఉత్తర ఐర్లాండ్ ఓటర్లలో 55.8 శాతం యూనియన్‌లోనే ఉందామన్నా, బ్రిటన్ మొత్తం లెక్కలో అది చెల్లలేదు.

సరుకుల తనిఖీ ఎక్కడో ఒకచోట జరగాలి. భూ సరిహద్దుపై పెడితే శాంతి ఒప్పందానికి దెబ్బ. పెట్టకపోతే యూరప్ మార్కెట్‌కు కన్నం. చివరికి తనిఖీని ఐరిష్ సముద్రం మీదికి, అంటే బ్రిటన్‌లోని రెండు భాగాల మధ్యకు తెచ్చారు. దీన్ని యూనియనిస్టులు తమను సొంత దేశం నుంచి వేరుచేయడంగా చూశారు. రెండు పక్షాలూ కలిసి నడపవలసిన ప్రాంతీయ ప్రభుత్వంలో డీయూపీ 2022 ఫిబ్రవరి నుంచి రెండేళ్లు చేరకుండా నిలిచింది. బ్రిటన్, యూరోపియన్ యూనియన్‌ల మధ్య 2023 ఫిబ్రవరిలో కుదిరిన విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ అనే ఒప్పందం తనిఖీల తీవ్రత తగ్గించింది గానీ సముద్రం మీది గీతను చెరపలేదు. విచిత్రమేమంటే బ్రెగ్జిట్‌ను గట్టిగా బలపరిచిన డీయూపీకే దాని ఫలితం ఎదురుతిరిగింది.

విలీన చర్చకు బ్రెగ్జిట్ మరో వాదన కూడా ఇచ్చింది. 2017 ఏప్రిల్ 29న యూరోపియన్ నాయకులు ఒక ప్రకటన చేశారు. ఒప్పందం ప్రకారం ఐర్లాండ్ ఏకమైతే, మొత్తం భూభాగం యూనియన్‌లో భాగమే అవుతుందని అందులో స్పష్టం చేశారు. 1990లో తూర్పు జర్మనీ అలాగే వచ్చి చేరింది. స్కాట్లండ్ విడిపోతే సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకుని ఏళ్లపాటు వేచి చూడాలి. ఉత్తర ఐర్లాండ్‌కు ఆ నిరీక్షణ లేదు. మధ్యేవాద ఓటరుకు పనికొచ్చే వాదన ఇదే.

వెయ్యి కోట్ల పౌండ్ల పద్దు

ఉత్తర ఐర్లాండ్‌లో వసూలయ్యే పన్నులకూ, అక్కడి ప్రజల కోసం ప్రభుత్వం పెట్టే ఖర్చుకూ మధ్య ఏటా దాదాపు వెయ్యి కోట్ల పౌండ్ల తేడా ఉంది. ఆ లోటును లండన్ ఖజానా పూడుస్తోంది. యాభై లక్షలకు పైగా జనాభా ఉన్న రిపబ్లిక్ ఆ భారం మోయగలదా అన్నదానిపై ఆర్థికవేత్తలు రెండుగా చీలారు. డబ్లిన్‌లోని అంతర్జాతీయ, యూరోపియన్ వ్యవహారాల సంస్థ 2024 ఏప్రిల్‌లో వెలువరించిన అధ్యయనం ఏటా 800 కోట్ల నుంచి 2,000 కోట్ల యూరోల దాకా ఖర్చవుతుందని అంచనా వేసింది. ఉత్తరాది పింఛన్లను, ప్రభుత్వ జీతాలను దక్షిణాది స్థాయికి పెంచితే పై అంకె వస్తుంది. డబ్లిన్ సిటీ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ డోయల్ వాదన వేరు. లోటులో బ్రిటన్ జాతీయ అప్పు వాటా, రక్షణ వ్యయంలో వాటా, ఇప్పటికే బ్రిటన్‌కు చందా కట్టినవారి పింఛన్లు కలిసి ఉన్నాయి. వాటిని తీసేస్తే మిగిలేది దాదాపు పావు వంతేనన్నది ఆయన లెక్క.

రెండు అంచనాల మధ్య ఇంత అగాధం ఉండటానికి కారణం గణితం కాదు. అప్పు ఎవరిది, పింఛను ఎవరిది అన్నవి బేరసారాల్లో తేలవలసిన విషయాలు. బేరం జరగకముందే వేసిన అంకె ఏదైనా, ఎవరు ఎంత పట్టుపడతారన్న ఊహే. విభజన చట్టం తొమ్మిది, పది షెడ్యూళ్లలోని సంస్థల ఆస్తుల పంపకం పదేళ్లు దాటినా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య వివాదంగానే మిగలడం చూసినవారికి ఇది కొత్త కాదు. ఐర్లాండ్ విషయంలోనైతే ఇవతలా అవతలా ఉండేవి రెండు సార్వభౌమ దేశాలు, పైన తీర్పు చెప్పే ఉమ్మడి సుప్రీంకోర్టు కూడా ఉండదు.

రిపబ్లిక్ ఖజానా ఇటీవల నిండుగా ఉన్న మాట నిజం. ఆపిల్ సంస్థ నుంచి 1,300 కోట్ల యూరోల పాత పన్ను వసూలు చేయాలని యూరప్ న్యాయస్థానం 2024 సెప్టెంబరులో ఖరారు చేసింది. ఆదాయం ఇలా కొద్దిపాటి అమెరికన్ కంపెనీల మీద ఆధారపడటమే అక్కడి ఆర్థిక నిపుణులను భయపెడుతున్న విషయం కూడా.

సగటు ఓటరు ఇన్ని పద్దులు చదవడు. అతను అడిగేది డాక్టరు ఫీజు గురించి. ఉత్తరాన బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ కింద డాక్టరును చూడటం ఉచితం, కానీ శస్త్రచికిత్సల కోసం ఎదురుచూసేవారి జాబితా చాలా పెద్దది. దక్షిణాన ప్రభుత్వం ఇచ్చే ఉచిత వైద్య కార్డు లేనివారు ఒక్కో సందర్శనకు సాధారణంగా 50 యూరోలకు పైగా కట్టవలసి వస్తుంది. రెండింటిలో ఏది కొనసాగుతుందో, లేక మూడోది వస్తుందో ఎవరూ ఖాయంగా చెప్పలేదు.

ఓటు పత్రం మీద ఏముంటుంది

1998 చట్టం అడిగే ప్రశ్న చాలా చిన్నది: బ్రిటన్‌లో ఉంటారా, ఏకీకృత ఐర్లాండ్‌లో భాగమవుతారా? ఆ ఐర్లాండ్‌లో బెల్‌ఫాస్ట్ అసెంబ్లీ కొనసాగుతుందా, డబ్లిన్ నుంచే పాలన సాగుతుందా, జెండా, జాతీయ గీతం మారతాయా, కామన్వెల్త్‌లో చేరతారా అన్నవాటికి అందులో జవాబు లేదు. ముందుగా తేలినది పౌరసత్వం మాత్రమే. ఉత్తర ఐర్లాండ్ ప్రజలు బ్రిటిష్, ఐరిష్, లేదా రెండు పౌరసత్వాలనూ ఉంచుకోవచ్చు. సార్వభౌమత్వం చేతులు మారినా ఈ హక్కు పోదని ఒప్పందం చెబుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలోని రాజ్యాంగ అధ్యయన విభాగం ఏర్పాటు చేసిన నిపుణుల బృందం 2021 మేలో ఇచ్చిన నివేదిక ఈ ఖాళీనే ఎత్తిచూపింది. ప్రణాళిక ముందు తయారుచేసి ఓటు పెట్టాలా, ఓటు ముందు జరిపి ప్రణాళిక తరువాత రాయాలా అన్నది తేలకుండా రంగంలోకి దిగడం ప్రమాదమని హెచ్చరించింది. బ్రెగ్జిట్ అనుభవం కళ్లముందే ఉంది.

ప్రశ్న రూపం ఫలితాన్ని ఎంత మారుస్తుందో చెప్పడానికి న్యూఫౌండ్‌లాండ్ మంచి ఉదాహరణ. కెనడాలో చేరాలా వద్దా అని అక్కడ 1948లో రెండుసార్లు ఓటు జరిగింది. మూడు మార్గాలు ముందుంచిన మొదటి విడతలో స్వయంపాలన 44.6 శాతంతో ముందు నిలిచింది, కెనడాలో విలీనానికి 41.1 శాతమే వచ్చింది. ఒక మార్గాన్ని తీసేసి ఏడు వారాల తరువాత మళ్లీ అడిగితే విలీనం 52.3 శాతంతో గెలిచింది. ఉత్తర ఐర్లాండ్ చట్టంలో మూడో మార్గానికి, రెండో విడతకు వీలు లేదు. రిపబ్లిక్‌లో కూడా ప్రజల సమ్మతి తీసుకోవాలి, రాజ్యాంగం మార్చాలంటే అక్కడ రెఫరెండం తప్పదు. రెండు చోట్లా అడిగే ప్రశ్న ఒకటే కావాలన్న నియమం మాత్రం లేదు.

ఈ చర్చలో పెద్దగా ప్రస్తావనకు రాని వర్గం వలస ఉద్యోగులది. డబ్లిన్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేస్తున్న తెలుగువారికి ఈ సరిహద్దు ఒక రకంగా స్థానికుల కంటే ఎక్కువ నిజం. బ్రిటిష్, ఐరిష్ పౌరులకు రెండు దేశాల మధ్య స్వేచ్ఛా ప్రయాణ ఏర్పాటు ఉంది. భారతీయ పౌరులకు అది వర్తించదు. బ్రిటన్ వర్క్ వీసాపై బెల్‌ఫాస్ట్‌లో ఉంటున్న భారతీయుడు రెండు గంటల దూరంలోని డబ్లిన్‌కు వెళ్లాలంటే ఐరిష్ వీసా తీసుకోవాలి, దారిలో గేటు గానీ పోలీసు గానీ కనిపించకపోయినా సరే. విలీనం జరిగితే ఆ వర్క్ వీసాలు ఏమవుతాయన్నది రెండు ప్రభుత్వాలు రాసుకోవలసిన అనేక పేజీల్లో ఒకటి.

తొందరపడనివారి లెక్క

ఈ దశాబ్దం ముగిసేలోగా ఓటింగ్ జరగాలని షిన్ ఫేన్ అడుగుతోంది. ఏకీకరణను ఆదర్శంగా చెప్పుకునే డబ్లిన్ ప్రభుత్వాలు మాత్రం తేదీ గురించి మాట్లాడటం లేదు. దీని వెనుక పిరికితనం ఉందని విమర్శించేవారున్నారు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్ర అనుభవం తెలిసినవారికి మరో కారణం కనిపిస్తుంది. 1980లో ఒకసారి ఓడి, 1995లో 49.4 శాతం దాకా వచ్చి రెండోసారి ఓడిన తరువాత అక్కడి స్వాతంత్ర్య ఉద్యమానికి మూడో అవకాశం ఇంతవరకు దొరకలేదు. ఉత్తర ఐర్లాండ్ చట్టంలోని ఏడేళ్ల నియమం కనీస గడువు మాత్రమే. ఓడిన మరునాడు మంత్రికి మళ్లీ ‘అనిపించడానికి’ ఎన్నేళ్లు పడుతుందో ఆ నియమం చెప్పదు. అంతేకాక 50.1 శాతంతో గెలిచినా చిక్కే. తొమ్మిది లక్షలకు పైగా జనం తమకు ఇష్టం లేని దేశంలోకి ఒక్క రాత్రిలో చేరితే, 1921లో క్యాథలిక్కులకు జరిగిందే తిరగేసి జరిగినట్టవుతుంది.

అందుకే డబ్లిన్ 2020లో ‘షేర్డ్ ఐలండ్’ పేరుతో మరో దారి పట్టింది. రాజ్యాంగ ప్రశ్నను పక్కన ఉంచి, రెండు వైపులా రోజూ వాడుకునే పనులకు నిధి కేటాయించింది. డబ్లిన్–బెల్‌ఫాస్ట్ మధ్య 2024 అక్టోబరు చివరి నుంచి గంటకో రైలు నడుస్తోంది. కార్లింగ్‌ఫర్డ్ సముద్రపాయ ఎగువన, రిపబ్లిక్‌లోని ఓమీత్‌నూ ఉత్తరాన ఉన్న వారెన్‌పాయింట్‌నూ కలిపే నారో వాటర్ వంతెన పని దశాబ్దాల వాయిదాల తరువాత అదే ఏడాది మొదలైంది. దానికి ప్రధానంగా డబ్బు పెడుతున్నది డబ్లిన్. వంతెన కొస ఆనేది మాత్రం ఇప్పటికీ బ్రిటన్ నేల మీద.